ఎక్స్‌టెన్షను మీట నొక్కే ముందు

రాత్రిపూట ఫోనులో పాఠం చదువుతుంటే తెల్లని పేజీ కళ్ళకు మిరుమిట్లు గొలుపుతుంది కదూ! ఆ పేజీని నల్లగా, అక్షరాలను తెల్లగా మార్చే చిన్న ప్రోగ్రాములున్నాయి. ఇలా బ్రౌజరులో చేరి, దానికి కొత్త పని నేర్పే ప్రోగ్రామునే ఎక్స్‌టెన్షను అంటారు.

చాలాకాలం ఇవి ఎక్కువగా కంప్యూటర్లలోనే కనిపించేవి. 2021లో ఐఫోను, ఐప్యాడులలోని సఫారీ బ్రౌజరుకు ఈ సౌకర్యం వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని ఫైర్‌ఫాక్సులో కొంతకాలం కొన్నే ఉండేవి. 2023 డిసెంబరు నుంచి వందలకొద్దీ దొరుకుతున్నాయి. అన్ని బ్రౌజర్లలోనూ ఈ వీలు ఉండదు.

దీన్ని పని చేయించటం ఎలా? ఫైర్‌ఫాక్సులో మూడు చుక్కల గుర్తును తాకి, 'ఎక్స్‌టెన్షన్స్' తెరవాలి. కావలసినదాన్ని ఎంచుకోగానే అది కోరే అనుమతుల పట్టిక కనిపిస్తుంది. సమ్మతిస్తేనే అది చేరుతుంది. ఐఫోనులో ముందుగా యాప్ స్టోరు నుంచి దించుకోవాలి. అంతమాత్రాన అది పనిచేయదు. సెట్టింగ్స్‌లో సఫారీకి చెందిన 'ఎక్స్‌టెన్షన్స్' తెరిచి, మీటను మనమే జరపాలి. ఏ వెబ్‌సైటులో అనుమతించాలో, ఎక్కడ నిరాకరించాలో, ఎక్కడ ప్రతిసారీ మనల్ని అడగాలో కూడా అక్కడే నిర్ణయించవచ్చు.

దించుకున్న వెంటనే అదే పనిచేస్తే పోలేదా? ఇన్ని అనుమతులెందుకు?

కాస్త ఆలోచించండి. పేజీ రంగు మార్చాలంటే ఎక్స్‌టెన్షను ఆ పేజీలోకి ప్రవేశించాలి. ప్రవేశించినది రంగులనే కాదు, అక్కడి రాతనంతా చూడగలదు. 'అన్ని వెబ్‌సైట్లలోనూ' అని అనుమతిస్తే, మీరు టైపు చేసే పాస్‌వర్డును సైతం చదవగలదు! సున్నం వేయటానికి వచ్చిన మనిషికి ఇంట్లోని గదులన్నీ కనబడతాయి. అతడు మంచివాడే కావచ్చు. అయినా బీరువా తాళం అతనికి ఇవ్వం కదా?

కనుక ఒక సూత్రం గుర్తుంచుకోండి: అడిగే అనుమతి చేసే పనికి తగినట్లుండాలి. రంగు మార్చేదానికి పేజీని చూసే అవసరం ఉంది. కూడికలు, తీసివేతలు మాత్రమే చేసే ఎక్స్‌టెన్షను అన్ని వెబ్‌సైట్లనూ చూస్తానంటే అనుమానించవలసిందే.

ఇంట్లో పెద్దల అనుమతితో వారి ఫోనులోని ఎక్స్‌టెన్షన్ల పట్టికను చూడండి. ఒక్కొక్కటి చేసే పని ఒకవైపు, కోరిన అనుమతి మరొకవైపు కాగితంపై రాయండి. రెండూ పొసగనివాటి గురించి పెద్దలకు చెప్పి, వాటి మీటను ఆపించండి. అవసరమైతే మళ్ళీ జరపటానికి క్షణం చాలు. బయటికి పోయిన రహస్యం మాత్రం తిరిగి రాదు.