బావి యొద్ద జరిగిన అల్లరి

వేదపాఠము: నిర్గమకాండము 2:16–20

మిద్యానులో ఏడుగురు అక్కచెల్లెండ్రు మందకు నీళ్లు పెట్టబోగా కాపరులు వారిని తరిమిరనియు, పరదేశియైన మోషే అడ్డుపడెననియు మనము ఆదివారపు బడిలోనే వింటిమి. అయితే వారు ఇల్లు చేరినప్పుడు తండ్రి అడిగినదానిని ఎందరు గమనించిరి? నేడింత పెందలకడ ఎట్లు రాగలిగితిరని ఆయన ఆశ్చర్యపడెను. అనగా తక్కిన దినములలో ఆలస్యమే వాడుక. ఆ అల్లరి ప్రతిదినము జరుగుచుండెనని నాకు తోచుచున్నది. ఆలస్యమెందుకని తండ్రి అంతకుముందు అడిగినట్లు వ్రాయబడలేదు.

మన సంఘపు పిల్ల ఒకతె హైదరాబాదు పాతబస్తీలో బంధువుల యింట ఉండి చదువుకొనుచున్నది. నేను చూడబోయినప్పుడు చార్మినారు నుండి లాడ్‌బజారుకు నన్ను చుట్టుత్రోవను తీసికొనిపోయెను. ఎందుకమ్మా అంటిని.

"ఆ మూలన నిలుచుండువారు మాటలనుదురు అయ్యగారూ. గుంపులో చేయి కూడ వేయుదురు. ఇంట్లో చెప్పితే చదువు మాన్పింతురు."

నాకు నోట మాట రాలేదు. పాతబస్తీవారందరు ఇట్టివారని తలంచకుడి. ఒకసారి గాజులమ్ము ముసలి భాయి ఒకరు దుకాణము దిగివచ్చి ఆ కుర్రవాండ్రను తరిమెనని ఆమెయే చెప్పెను. మన ఊరి బస్సుస్టాండు మాత్రము మెరుగా?

2014 అక్టోబరు 24న హైదరాబాదులో షీ టీమ్స్ అను పోలీసు దళములు ప్రారంభమైనవి. స్త్రీలు, పురుషులు మామూలు దుస్తులలో బస్సుస్టాపుల యొద్దను బజారులలోను నిలిచి, అల్లరివారిని కెమెరాతో సహా పట్టుకొందురు. పట్టుబడిన కుర్రవానికి తలిదండ్రుల యెదుట బుద్ధి చెప్పుటయు కలదు. తన కుమారుడట్టివాడని అనేక తండ్రులకు అప్పుడే తెలియును కాబోలు! 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను ప్రకారము, ఇష్టము లేదని తెలిపినను స్త్రీ వెంటబడువానికి మొదటి తప్పునకే మూడేండ్ల వరకు ఖైదు పడవచ్చును. ఆపదలో 112కు ఫోను చేయవచ్చును.

కాని ఆ పిల్ల భయపడినది కుర్రవాండ్రకంటె ఎక్కువగా మనకే. తప్పు చేసినవాడు వీధిలో తిరుగుచుండగా చెప్పుకొన్నదాని పుస్తకములు అటకెక్కును. అందుచేత ఆమె చుట్టుత్రోవ నడచుచున్నది.

ఈ నెల పురుషుల కూడికలో ఈ భాగమునే చదువుడి. మీసములు వచ్చుచున్న మగపిల్లలను కూడ వెంటబెట్టుకొని రండి. ఆ రాత్రి మీ కుమార్తెను, ఏ త్రోవను బడికి పోవుచున్నావమ్మా అని అడుగుడి. ఆమె చెప్పి ముగించువరకు చదువు మాన్పించు మాట ఎత్తకుడి.