లైటు వెలుగుతున్నా లింకు పనిచేయదేం?

2002 నవంబరు 13న అమెరికాలోని బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ కుప్పకూలింది. ల్యాబ్ ఫలితాలను మనుషులే కాగితాల మీద మోసుకెళ్లాల్సి వచ్చింది. సిస్కో నిపుణులు దిగినా పూర్తిగా కోలుకోవడానికి సుమారు నాలుగు రోజులు పట్టింది. హ్యాకర్ల పని కాదు, వైరసూ కాదు. స్విచ్‌ల మధ్య ఏర్పడిన లూప్. అప్పటి సీఐఓ జాన్ హలమ్కా జరిగినదంతా దాచకుండా చెప్పడంతో, నెట్‌వర్కింగ్‌లోకి వచ్చేవారికి అది నేటికీ పాఠంగా నిలిచింది.

అసలేం జరుగుతుంది?

ఒక కేబుల్ తెగినా పని ఆగకూడదని స్విచ్‌ల మధ్య రెండో దారి వేస్తారు. చిక్కు అక్కడే. బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ తాను వచ్చిన పోర్టు తప్ప ఆ వీలాన్‌లోని (స్విచ్‌లో విడిగా విభజించిన నెట్‌వర్క్‌లోని) మిగతా పోర్టులన్నిటికీ వెళ్తుంది. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ అనే ఆయుష్షు ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అదీ లేదు. దాంతో అది తిరుగుతూనే, పెరుగుతూనే ఉంటుంది.

దీనికి విరుగుడుగా 1985లో రేడియా పర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ ప్రొటోకాల్‌ను రూపొందించారు. అదనపు దారిని ఇది మూసి ఉంచి, అవసరమైనప్పుడే తెరుస్తుంది. దాని డీఫాల్ట్ టైమర్లు వరసగా ఏడు స్విచ్‌ల వరకే లెక్కవేసినవి. బోస్టన్ నెట్‌వర్క్ ఆ హద్దు దాటి పెరిగిపోయింది. ఒక అప్లికేషన్ నుంచి డేటా వెల్లువెత్తేసరికి స్పానింగ్ ట్రీ అదుపు తప్పి, లూప్ ఏర్పడింది.

లూప్‌తో పోలిస్తే, వీలాన్ సెట్టింగుల్లో తేడాలు ఇంత చప్పుడు చేయవు. పలు వీలాన్‌లను మోసే లింకైన ట్రంక్‌కు ఒక చివర నేటివ్ వీలాన్ (ట్యాగ్ లేని ఫ్రేమ్‌ల వీలాన్) 1, రెండో చివర 99 అని ఉంటే, ట్యాగ్ లేని ఫ్రేమ్‌లు ఒక వీలాన్‌లో బయల్దేరి మరో వీలాన్‌లో తేలతాయి. ట్రంక్ అనుమతి జాబితాలో 20వ వీలాన్ లేకపోతే, రెండు వైపులా పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది, ఆ వీలాన్‌లోని వారికి మాత్రం సర్వర్ అందదు.

ఎలా సాధన చేయాలి?

సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం. మూడు స్విచ్‌లను త్రిభుజంలా కలపండి. కాసేపటికి ఒక పోర్టు నారింజ రంగులోనే ఆగిపోతుంది. స్పానింగ్ ట్రీ మూసిన దారి అదే. 'షో స్పానింగ్-ట్రీ' కొట్టి, ఈ ట్రీకి మూలమైన రూట్ స్విచ్ ఏదో చూడండి. ప్రయారిటీ అన్నిటికీ 32768 ఉంటే తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నదే రూట్ అవుతుంది. ఆఫీసుల్లో అది మూలనున్న పాత స్విచ్ కూడా కావచ్చు. మీరు కోరుకున్న స్విచ్‌లో ప్రయారిటీని 4096కి తగ్గించి, మార్పు గమనించండి. తర్వాత ఒక లింకును ట్రంక్‌గా చేసి, కావాలనే ఒక చివర మాత్రమే నేటివ్ వీలాన్ మార్చి, వచ్చే హెచ్చరికలను చదవండి.

ఇంటర్వ్యూలో...

సీసీఎన్‌ఏ 200-301 పరీక్షలో వీలాన్, ట్రంక్, స్పానింగ్ ట్రీ ఉండే నెట్‌వర్క్ యాక్సెస్ విభాగానికి 20 శాతం వెయిటేజీ ఉంది. ఇంటర్వ్యూల్లో నిర్వచనాల కన్నా ఇలాంటి ప్రశ్నకు సిద్ధం కావడం మేలు: 'లింక్ లైటు వెలుగుతోంది, యూజర్‌కు 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చింది. ఏం చేస్తారు?' ఐపీ అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ నుంచి జవాబు రాలేదని గుర్తించాలి. ముందుగా ఆ పోర్టు ఏ వీలాన్‌లో ఉందో, ఆ వీలాన్ స్విచ్‌లో ఉందో లేదో చూడాలి. తర్వాత 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్'తో రెండు చివరలూ పోల్చాలి. అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు సర్వర్ వైపు వెళ్లాలి. ఈ వరసను ల్యాబ్‌లో చేసి, స్క్రీన్‌షాట్లతో రాసి ఉంచుకుంటే, అనుభవం లేని అభ్యర్థికీ రెజ్యూమెలో చూపించడానికి ఒక ప్రాజెక్టు దొరుకుతుంది.