బొటనవేలు పక్కకు ఒరిగితే...

ప్రశ్న: నా వయసు 46. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. కొన్నేళ్లుగా కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగిపోతోంది. వేలి మొదట్లో, పాదం లోపలి అంచున ఎముక బొడిపెలా పొడుచుకొచ్చింది. సాయంత్రానికి అక్కడ ఎర్రగా కందిపోతుంది. షూ విప్పితే గానీ ప్రాణం కుదుటపడదు. మా అమ్మకూ ఇలాగే ఉండేది. ‘ఎముక పెరిగింది, చెక్కించేస్తే పోతుంది’ అంటున్నారు తెలిసినవాళ్లు. నాకేమో ఆపరేషన్ అంటే భయం. మందులతో తగ్గదా?
– ఓ సోదరి, ఏలూరు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది బునియన్. నిజానికి అక్కడ కొత్తగా ఎముకేమీ పెరగలేదమ్మా. బొటనవేలి వెనక పాదంలో ఒక పొడవాటి ఎముక ఉంటుంది. అది మెల్లమెల్లగా రెండో పాదం ఉన్న వైపుకు జరుగుతుంది. వేలేమో దానికి ఎదురుగా, చిటికెనవేలి వైపు ఒరుగుతుంది. రెండూ కలిసే కీలు దగ్గర వంపు తిరిగి, ఎముక తల బయటికి పొడుచుకొస్తుంది. మీ చేతికి తగిలే బొడిపె అదే. దాని మీద, చర్మం అడుగున పల్చటి తిత్తి ఒకటి ఉంటుంది. షూ అంచు రోజంతా రాసుకుంటే అది వాస్తుంది. సాయంత్రం ఎరుపూ మంటా ఎక్కువగా దానివల్లే. కాబట్టి పైకి కనిపించే బొడిపెను చెక్కినంత మాత్రాన సరిపోదు. జరిగిన ఎముక జరిగినట్టే ఉంటే, కొన్నాళ్లకు మళ్లీ అదే వంకర.

అమ్మకు ఉందన్నారు కదా, పాదం తీరు చాలామందికి పుట్టుకతో వచ్చేదే. చదునైన పాదాలు, వదులుగా ఉండే కీళ్లు, కీళ్లవాతం కూడా దారితీస్తాయి. వాటికి ఇరుకు షూ తోడైతే సమస్య ముదురుతుంది. 1958లో హాంకాంగ్‌లో ఇద్దరు వైద్యులు షూ వేసుకునేవారి పాదాలను, వేసుకోనివారి పాదాలను పోల్చి చూశారు. వేసుకునేవారిలో సుమారు మూడో వంతు మందికి బొటనవేలు ఒరిగి ఉంది. వేసుకోనివారిలో అలాంటివారు నూటికి ఇద్దరే.

మందులతో వేలు నిటారుగా రాదు. నొప్పి మాత్రం చాలావరకు అదుపులో ఉంటుంది. అందుకు మొదట మార్చాల్సింది షూ. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడే ఈ పరీక్ష చేయండి. నేల మీద తెల్ల కాగితం పరిచి, రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడండి. ఇంట్లో ఎవరితోనైనా కుడిపాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీయించండి. ఆ గీత మీద మీ షూ పెట్టి చూడండి. ముందుభాగంలో గీత షూ బయటికి కనిపిస్తే, రోజూ ఆ మేరకు మీ వేళ్లను నలిపేస్తున్నారన్నమాట. అన్నిటికంటే పొడవైన వేలికి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. బొడిపె తగిలే చోట తోలు మెత్తగా ఉండాలి, కుట్టు ఉండకూడదు. మడమ ఎత్తు అంగుళం దాటకపోతే మంచిది. స్కూల్లో ఫలానా షూనే వేసుకోవాలన్న నియమం ఉంటే డాక్టర్ చేత చీటీ రాయించుకుని ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. రోజంతా బోర్డు ముందు నిలబడేది మీరు.

బొడిపె మీద రాపిడి తగలకుండా మందుల షాపులో దొరికే సిలికాన్ ప్యాడ్ పెట్టుకోవచ్చు. అయితే ప్యాడ్‌కు కూడా షూలో చోటుండాలి. ఇరుకు షూలో పెడితే నొప్పి ఇంకా పెరుగుతుంది. వాపు ఉన్న రోజున బట్టలో చుట్టిన ఐసును పది నిమిషాలు పెట్టండి. బాగా నొప్పిగా ఉంటే పారాసెటమాల్ వేసుకోండి, లేదా డైక్లోఫెనాక్ జెల్ రాయండి. నొప్పిబిళ్లలు రోజూ మింగే అలవాటు మాత్రం వద్దు. ఇంకో మాట. బొటనవేలు నెట్టడం వల్ల రెండో వేలు పైకి లేస్తుంటే, ఆ వేలికి పెట్టుకున్న మెట్టె కింద చర్మం ఒరుసుకుపోయి పుండు పడుతుంది. అలాంటప్పుడు మెట్టెను వదులు చేయించుకోండి, లేదా కొన్నాళ్లు తీసి ఉంచండి.

ఇవన్నీ కొన్ని నెలలు చేసినా నడక కష్టంగానే ఉంటే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించాలి. దాని వల్ల ఉపయోగం లేదనుకోకండి. ఫిన్లాండ్‌లో 209 మందిని మూడు జట్లుగా చేసి చూసిన పరిశోధన ఒకటి 2001లో వచ్చింది. కొందరికి ఆపరేషన్ చేశారు, కొందరికి షూలో పెట్టుకునే ప్రత్యేకమైన అట్టలు ఇచ్చారు, మిగతావారిని ఊరికే గమనించారు. ఆరు నెలలప్పుడు అట్టలు వాడినవారికీ కొంత ఉపశమనం కనిపించింది. ఏడాది తిరిగేసరికి మెరుగ్గా ఉన్నది ఆపరేషన్ జట్టే.

ఆపరేషన్‌కు ముందు నిలబెట్టి ఎక్స్‌రే తీస్తారు. పడుకోబెట్టి తీస్తే వంకర అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. బొటనవేలు ఒరిగిన కోణం మామూలుగా 15 డిగ్రీల లోపు ఉంటుంది. 40 దాటితే వంకర బాగా ముదిరినట్టు. కోణాన్ని బట్టి ఎముకను కోసి, సరైన చోటికి జరిపి, స్క్రూలతో బిగిస్తారు. చాలామందికి మత్తు సూది నడుము కిందికో, కాలికో ఇస్తే చాలు. తర్వాత దాదాపు ఆరు వారాలు ప్రత్యేకమైన చెప్పుతోనే నడవాలి. ఆ రోజుల్లో నేల మీద కూర్చోవడం, గొంతుకూర్చోవడం కష్టం. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే ముందే ఏర్పాటు చేసుకోండి. వాపు పూర్తిగా దిగడానికి ఆరు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. కొందరికి వేలు బిగుసుకుపోవచ్చు, తిమ్మిరి మిగలవచ్చు, వంకర తిరిగి రావచ్చు. ఇవన్నీ సర్జన్‌ను ముందే అడిగి తెలుసుకోండి. వేసవి సెలవుల్లో చేయించుకుంటే మీ ఉద్యోగానికి కాస్త వెసులుబాటుగా ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. రెండు బొటనవేళ్లూ కొద్దిగా వంకరగా ఉన్నాయి. నొప్పేమీ లేదు. సంబంధాలు చూస్తున్నాం కాబట్టి పెళ్లికి ముందే ఆపరేషన్ చేయించాలనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో రాత్రిపూట కట్టుకునే పట్టీ కూడా తెప్పించాం. పనిచేస్తుందా?
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: ఆపరేషన్ వద్దు. నొప్పి లేని పాదాన్ని కోస్తే, తర్వాత నొప్పి మిగిలే ప్రమాదం ఉంది. ఇప్పుడు హాయిగా నడుస్తున్న అమ్మాయిని అందం కోసం ఆ ప్రమాదంలోకి నెట్టడం న్యాయం కాదు. పాదం ఆకారం చూసి వెనకాడే సంబంధమైతే, దాని గురించి ఆలోచించాల్సింది సర్జన్ కాదు, మీరు.

పట్టీ కట్టుకున్నంతసేపు వేలు నిటారుగా కనిపిస్తుంది. విప్పాక మళ్లీ మామూలే. హాయిగా అనిపిస్తే కట్టుకోవచ్చు, ఎముక సరవుతుందని ఆశపడొద్దు. దానికి బదులు, ముందుభాగం వెడల్పుగా ఉన్న చెప్పులు కొనివ్వండి. నొప్పి మొదలైతే అప్పుడు ఎముకల డాక్టర్‌కు చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. బొటనవేలి బొడిపె మీద చర్మం చిట్లి రసి కారుతోంది. ‘నొప్పి లేదు, ఏం కాదులే’ అంటున్నారు. పసుపు రాస్తున్నాం.
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: నొప్పి లేకపోవడమే నన్ను కంగారుపెడుతోంది. పుండు పడినా తెలియడం లేదంటే, షుగర్ వల్ల పాదంలో నరాల స్పర్శ తగ్గి ఉంటుంది. పుండు లోపలికి దిగి ఎముకకు చీము పడితే, వేలు తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. ఈరోజే డాక్టర్‌కు చూపించండి. జ్వరం, వేలు నల్లబడటం, ఎరుపు పాదం పైకి పాకడం, వీటిలో ఏది కనిపించినా రాత్రని చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పసుపు, పేస్టులు రాయడం ఆపేయండి. శుభ్రమైన నీళ్లతో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి తీసుకెళ్లండి. డాక్టర్ పాదంలో నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తారు, స్పర్శ పరీక్షిస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. మూడు నెలల షుగర్ సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈ మధ్య చేయించకపోతే చేయించండి. పుండు పూర్తిగా మానేదాకా ఆ పాదం మీద ఒత్తిడి పడకుండా చూడాలి. ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవనివ్వకండి. ఆయన రోజూ వేసుకునే చెప్పులు కూడా తీసుకెళ్లండి. రాపిడి ఎక్కడ తగులుతోందో డాక్టర్‌కు వాటిని చూస్తే తెలుస్తుంది.