మత్తు – మెదడు: నిమ్‌హాన్స్ నుంచి నాలాక్సోన్ దాకా

బెంగళూరులోని నిమ్‌హాన్స్ అనే జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ 1974 డిసెంబరు 27న ఏర్పడింది. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలను, 1954లో మొదలైన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి దీన్ని నెలకొల్పారు. 2012 చట్టంతో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది. ఇక్కడి మెదడు మ్యూజియంలో అసలైన మానవ మెదడును చేత్తో పట్టుకుని చూడొచ్చు. వీలైనవారు తప్పక వెళ్లాలి.

ఇక ఆ మెదడుపై మత్తు ఎలా పనిచేస్తుందో చూద్దాం. రెండు నాడీకణాలు కలిసే చోటు సినాప్స్. నాడీ ప్రసారకాలనే రసాయనాలు అక్కడి సందు దాటి గ్రాహకాలకు అతుక్కుంటాయి. మత్తు పదార్థాలు ప్రధానంగా దెబ్బతీసేది ఈ ఏర్పాటునే. నికోటిన్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. కొకైన్ డోపమైన్ తిరిగి కణంలోకి వెళ్లకుండా అడ్డుకుంటుంది. కాఫీలోని కెఫీన్ అడినోసిన్ గ్రాహకాలను మూసేస్తుంది.

మద్యం గురించి కాస్త వివరంగా చదవండి. అది మెదడును నెమ్మదింపజేసే ప్రసారకం గాబా ప్రభావాన్ని పెంచి, ఉత్తేజపరిచే ప్రసారకం గ్లుటమేట్ పనిని తగ్గిస్తుంది. శరీర సమతుల్యతను చూసే అనుమస్తిష్కం మందగించడంతో అడుగులు తడబడతాయి. ఏళ్ల తరబడి తాగేవారి మెదడు ఈ స్థితికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అలాంటివారిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలనుకోవడం చాలా ప్రమాదం. వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఇక ఓపియాయిడ్లు. హెరాయిన్, మార్ఫిన్ మ్యూ అనే ఓపియాయిడ్ గ్రాహకాల ద్వారా మెదడు కాండంలోని శ్వాస కేంద్రాలను అణచివేస్తాయి. వీటికి విరుగుడు నాలాక్సోన్ అనే మందు.

మానసిక ఆరోగ్య సాయం కావాలంటే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416. ప్రారంభం 2022 అక్టోబరు 10, నోడల్ కేంద్రం నిమ్‌హాన్స్.