గవదబిళ్లలు వచ్చిన మగపిల్లాడికి ముందే చెప్పాల్సిన మాట

పదమూడు, పద్నాలుగేళ్ల అబ్బాయికి గవదబిళ్లలు వస్తే ఇంటిల్లిపాది చూపూ వాడి చెంపల మీదే ఉంటుంది. పసుపు పట్టు వేస్తారు, పులుపు మాన్పిస్తారు, జావ కాచిస్తారు. ఆ వాపు తీస్తోందనుకున్నప్పుడు జ్వరం తిరగబెట్టి, నడవడానికి ఇబ్బందిగా ఉన్నా వాడు నోరు విప్పడు. ఎక్కడ నొప్పో చెప్పాలంటే సిగ్గు మరి.

ఈ వైరస్ చెంపల దగ్గరి గ్రంథులతో ఆగదు. చిన్నపిల్లల్లో అరుదే గానీ, ఈడొచ్చాక గవదబిళ్లలు వచ్చి, టీకా పడని మగవాళ్లలో నూటికి 15 నుంచి 30 మందికి వృషణాలు వాస్తాయి. చెంపలు వాచిన 4 నుంచి 8 రోజులకు, ఎక్కువగా ఒక పక్కనే. వృషణాన్ని పెద్దగా సాగని గట్టి పొర కప్పి ఉంటుంది. లోపలి భాగం వాచేసరికి ఆ పొరలోనే నలుగుతుంది. అంత నొప్పి అందుకే. తగ్గాక కొందరిలో ఆ వృషణం కాస్త చిన్నదవుతుంది కూడా.

చూడ్డానికొచ్చిన చుట్టాలెవరో "ఇక పిల్లలు పుట్టరట" అనేస్తారు. పిల్లాడు వింటుండగా ఆ మాట అననివ్వకండి, పైగా అది నిజం కాదు. పూర్తిగా సంతానం కలగకపోవడం చాలా అరుదు. ఒక పక్క బాగుంటే సాధారణంగా సరిపోతుంది. రెండు పక్కలా వాస్తే వీర్యకణాలు తగ్గే అవకాశం ఉంటుంది. ఆ అనుమానం తీర్చుకోవడానికి పెద్దయ్యాక వీర్యపరీక్ష ఉంది.

కాబట్టి చెంపలు వాచిన రోజే నాన్నో, మేనమామో, ఎవరూ లేకపోతే అమ్మే చెప్పాలి: "నాన్నా, కింద బీజాల దగ్గర నొప్పి గానీ వాపు గానీ వస్తే వెంటనే చెప్పు. అర్ధరాత్రయినా సరే, లేపు." గవదబిళ్లల వల్లే అయ్యుంటుందని ఇంట్లోనే తేల్చేయకండి. వృషణం మెలిపడినా ఇలాగే నొప్పి వస్తుంది. అప్పుడు దాన్ని కాపాడుకోవడానికి దాదాపు 6 గంటలే వ్యవధి. ఆ తేడా డాక్టరు చూసి చెప్పాల్సిందే.

గవదబిళ్లల వాపే అని తేలితే విశ్రాంతి, ఆసరాగా పట్టి ఉంచే లోదుస్తులు, గుడ్డలో చుట్టిన ఐసు, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు, అడిగి మరీ రాయించుకోకండి. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. చెంపలు వాచాక 5 రోజులు బడికి పంపకండి.

ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే టీకా కార్డు ఒకసారి తీయండి. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇచ్చే ఎంఆర్ తట్టుకీ రుబెల్లాకీ మాత్రమే. గవదబిళ్లలకు ఎంఎంఆర్ వేయించాలి. 2024 ఆరంభంలో కేరళలో వేలమంది పిల్లలకు గవదబిళ్లలు సోకాయి. పిల్లల వైద్యుల సంఘం ఐఏపీ ఎంఎంఆర్‌ను 9 నెలలకు, 15 నెలలకు, మళ్లీ 4-6 ఏళ్ల మధ్య వేయించమంటుంది. ఆ వయసు దాటిపోయిన పెద్దపిల్లలకూ కనీసం 4 వారాల ఎడంతో రెండు మోతాదులు వేయించుకోవచ్చు.