విమానం ఎక్కితే కేసు దిగిపోదు

ఆన్‌సైట్‌కు బయల్దేరే ఐటీ కుర్రాళ్ల మధ్యా, గల్ఫ్ లేబర్ క్యాంపు గదుల్లోనూ ఒకే మాట వినిపిస్తుంటుంది. "ఏదన్నా అయితే రాత్రికి రాత్రే టికెట్ తీసుకుని ఊరికి వచ్చేయడమే. అక్కడి కేసు అక్కడే పోతుంది." దీనికి తోడు ఎవరో చెప్పిన సగం మాట ఇంకోటి: "శిక్షల్లో తేడా ఉంటే ఒక దేశం ఇంకో దేశానికి మనిషిని అప్పగించదట." లైంగిక నేరాల ఫిర్యాదుల విషయంలో ఈ రెండు మాటలూ నమ్మి బాగుపడినవాళ్లు అరుదు.

శిక్షల్లో తేడాలు ఉన్న మాట నిజం. ఒక దేశంలో రెండేళ్ల జైలుతో పోయేది మరో దేశంలో యావజ్జీవం. ఒకచోట ఉరి, ఒకచోట బెత్తం దెబ్బలు, ఒకచోట శిక్ష అయ్యాక కూడా వదలని నిర్బంధం. అప్పగింత కేసు విన్న ప్రతి కోర్టూ ఈ తేడాలను చూస్తుంది. కానీ దానివల్ల కేసు మొత్తంగా ఆగిపోవడం అరుదు. ఎక్కువసార్లు మారేది షరతు, లేదా విచారణ జరిగే చోటు. విదేశాల్లో పనిచేసేవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని ఉండాలి. నిందపడినవారికీ, అన్యాయం జరిగినవారికీ ఇది పనికొచ్చే విషయమే.

మొదటి ప్రశ్న: రెండు చోట్లా నేరమేనా?

అప్పగింత కోర్టు ముందు చూసేది శిక్ష ఎంత అని కాదు. ఆ పని రెండు దేశాల్లోనూ నేరమేనా అని. రెండు దేశాల చట్టాల్లో నేరం పేరు ఒకటే కానక్కర్లేదు, చేసిన పని ఏమిటన్నదే లెక్క. దానికి రెండు చోట్లా ఒక స్థాయి జైలు శిక్ష కూడా ఉండాలి. భారత్, అమెరికా మధ్య 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి జైలు పడగల నేరమై ఉండాలి.

ఏడాది జైలు అన్న ఈ గీత దగ్గరే తేడాలు బయటపడతాయి. మన భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ చూడండి. ఇష్టం లేకున్నా ఒంటిమీద చేయి వేయడం, లైంగిక కోరిక తీర్చమని అడగడం మూడేళ్ల దాకా జైలు పడే నేరాలు. అసభ్యంగా వ్యాఖ్యానించడం అయితే గరిష్ఠంగా ఏడాదే. అంటే మొదటివి ఆ గీత దాటతాయి, రెండోది దాటదు.

పరాయి స్త్రీతో ఇష్టపూర్వక సంబంధం మన దేశంలో 2018 సెప్టెంబరు నుంచి నేరం కాదు, సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. యూఏఈలో మాత్రం భర్తో, భార్యో, సంరక్షకుడో ఫిర్యాదు చేస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు. అక్కడ జైలుకు పంపే ఈ పని మీద ఇక్కడి నుంచి మనిషిని అప్పగించడం కుదరదు. వయసు విషయమూ అంతే. మన దగ్గర 18 ఏళ్లు నిండని అమ్మాయి ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు చెల్లదు, ఇంగ్లండ్‌లో ఆ వయసు 16.

తెలుగు ఇళ్లలో ఎక్కువగా చిక్కు తెచ్చేది భార్యాభర్తల మధ్య కేసు. భార్య ఇష్టానికి విరుద్ధంగా జరిగితే ఇంగ్లండ్‌లో అది అత్యాచారమేనని 1991లోనే అక్కడి అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. మన న్యాయ సంహితలో మాత్రం 18 దాటిన భార్య విషయంలో భర్తకు మినహాయింపు ఇంకా ఉంది. కాబట్టి లండన్‌లో కేసు నమోదై హైదరాబాద్ వచ్చేసిన భర్త తరఫు లాయరు "ఇక్కడ ఇది నేరమే కాదు" అని వాదించగలడు. అయితే అదే ఫిర్యాదులో కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, వేధించడం కూడా ఉంటే, అవి మన దగ్గరా నేరాలే. ఒక పేరు నిలవకపోయినా మిగతావి నిలుస్తాయి.

రెండో ప్రశ్న: అక్కడ పడే శిక్ష మనం ఒప్పుకోగలమా?

రెండు చోట్లా నేరమే అని తేలాక శిక్ష సంగతి వస్తుంది. ఇక్కడ మూడు రకాల అభ్యంతరాలు వింటాం.

మొదటిది ఉరి. పన్నెండేళ్లలోపు పిల్లపై అత్యాచారానికి మన దేశంలో మరణశిక్ష దాకా పడవచ్చు. ఆ నిందితుడు ఉరి లేని దేశానికి పారిపోతే, ఆ దేశం ఉరి వేయబోమన్న హామీ అడుగుతుంది. ఆ అడ్డు రాకుండా మన 1962 అప్పగింత చట్టంలోనే 34సీ సెక్షన్ ఉంది. ఆ నేరానికి ఉరి లేని దేశం మనిషిని అప్పగిస్తే, ఇక్కడ అతనికి యావజ్జీవం మాత్రమే వేయాలి. ఉరి తప్పుతుంది తప్ప విచారణ తప్పదు. ఇచ్చిన హామీని ఆ తర్వాత మరిచిపోవడమూ కుదరదు. ముంబయి పేలుళ్ల కేసులో అబూ సలేంను 2005లో పోర్చుగల్ అప్పగించినప్పుడు 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచబోమని భారత్ హామీ ఇచ్చింది. ఆ మాటకు ప్రభుత్వం కట్టుబడాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది అంతులేని నిర్బంధం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో లైంగిక నేరాలకు శిక్ష పూర్తయినవారిని కూడా, ఇంకా ప్రమాదమే అని తేలిస్తే, చికిత్స పేరుతో గడువు లేకుండా ఉంచే పద్ధతి ఉంది. అక్కడ కేసులున్న ఒక వ్యక్తి లండన్‌లో దొరికాడు. ఆ నిర్బంధంలో పెట్టబోమని హామీ ఇవ్వమని ఇంగ్లండ్ హైకోర్టు అడిగింది. అమెరికా ఇవ్వలేదు. 2012లో కోర్టు అప్పగింతకు ఒప్పుకోలేదు. శిక్షల తేడా వల్ల కేసు నిజంగా ఆగిన సందర్భం ఇలా ఉంటుంది. అక్కడ కూడా అడ్డుపడింది జైలు శిక్ష ఎక్కువ కావడం కాదు, బయటికి వచ్చే దారి లేకపోవడం.

మూడోది జైలు పరిస్థితి. విజయ్ మాల్యా కేసులో లండన్ కోర్టు ముంబయి ఆర్థర్ రోడ్ జైలు 12వ బ్యారక్ ఎలా ఉందో వీడియో తీసి పంపమంది. మనవాళ్లు పంపారు. నేరం ఏదైనా ఈ ప్రశ్న వస్తుంది, కోర్టుకు నమ్మకం కలిగే జవాబు ఇస్తే సాధారణంగా అడ్డు తొలగుతుంది.

అటు శిక్ష మన కంటే తక్కువగా ఉంటే అసలు అభ్యంతరమే ఉండదు. 2003లో సౌతాంప్టన్‌లో ఒక విద్యార్థినిపై అత్యాచారం చేసి చంపిన డెలివరీ వ్యాన్ డ్రైవరు కొద్ది రోజుల్లోనే భారత్ వచ్చేసి, పేరు మార్చుకుని డార్జిలింగ్ కొండల్లో బతికాడు. 2004లో దొరికాడు, 2007లో మన ప్రభుత్వం బ్రిటన్‌కు అప్పగించింది, 2008లో అక్కడ యావజ్జీవం పడింది. 2009లో లండన్‌లో జరిగిన అలాంటి మరో కేసులో నిందితుడు 2011లో ఢిల్లీ విమానాశ్రయంలో చిక్కాడు. అప్పగింతకు 2019 దాకా పట్టింది. తర్వాతి ఏడాది యావజ్జీవం, కనీసం 37 ఏళ్లు జైల్లో ఉండాలని తీర్పు. వాయిదాలు పెరిగాయి కానీ శిక్ష తగ్గలేదు.

అప్పగించకపోతే?

అప్పుడు కేసు వచ్చి మన ఊళ్లోనే కూర్చుంటుంది. యూఏఈతో మన ఒప్పందంలో ఎవరి పౌరులను వారు అప్పగించరు, కానీ సాక్ష్యం ఉంటే సొంత దేశంలోనే విచారణ చేయాలి. ఒప్పందం మాట ఎలా ఉన్నా, భారత పౌరుడు ప్రపంచంలో ఎక్కడ నేరం చేసినా మన న్యాయ సంహిత వర్తిస్తుంది. విచారణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, అంతే. ఆ అనుమతి ఏ దశలో అన్నది కూడా మన ప్రాంతపు కేసులోనే తేలింది. బోట్స్వానాలో ఉద్యోగం చేసిన భర్తపై ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన వేధింపుల కేసులో 2011లో సుప్రీంకోర్టు ఇలా చెప్పింది: పోలీసు దర్యాప్తుకు, కోర్టు కేసును స్వీకరించడానికి అనుమతి అక్కర్లేదు, ఆపై విచారణ సాగాలంటే కావాలి. కాబట్టి "విదేశంలో జరిగింది, మేం రాసుకోం" అని స్టేషన్‌లో అంటే ఆ మాట చెల్లదు.

ఇక్కడ నేరం చేసి గల్ఫ్ చేరినవారికీ పారిపోవడం రక్షణ కాదు. కేరళలోని కొల్లం జిల్లాలో పదమూడేళ్ల బాలికపై అత్యాచారం కేసులో నిందితుడు సౌదీలో పనిలో ఉన్నాడు. 2010 నాటి అప్పగింత ఒప్పందం ఆధారంగా 2019 జూలైలో కొల్లం పోలీసు కమిషనర్ మెరిన్ జోసెఫ్ స్వయంగా రియాద్ వెళ్లి తీసుకొచ్చారు. అకామా (నివాస అనుమతి) ఉంది, కఫీల్ (స్పాన్సర్) ఉన్నాడు అన్నది అడ్డు కాలేదు.

వెళ్లేముందు చూసుకోవాల్సినవి

వీసా స్టాంపింగ్‌కు పెట్టే శ్రద్ధలో పదోవంతు అక్కడి చట్టం మీద పెట్టండి. సౌదీలో 2018 నుంచి వేధింపుల నిరోధక చట్టం ఉంది. మాటతో, ఫోన్ సందేశంతో చేసినా రెండేళ్ల దాకా జైలు, లక్ష రియాళ్ల దాకా జరిమానా, తీవ్రమైతే ఐదేళ్లు, మూడు లక్షలు. సింగపూర్‌లో మహిళ ఒంటిమీద చేయి వేస్తే మూడేళ్ల దాకా జైలుతో పాటు బెత్తం దెబ్బలు పడవచ్చు. స్వలింగ సంబంధం మన దగ్గర 2018 నుంచి నేరం కాదు, కువైట్, సౌదీల్లో నేరమే.

నేల మీదే కాదు, విమానంలోనూ చట్టం వర్తిస్తుంది. వర్క్ వీసా మీద అమెరికాలో ఉన్న ఒక భారతీయ ఉద్యోగి 2018 జనవరిలో లాస్ వెగాస్ నుంచి డెట్రాయిట్ వెళ్లే విమానంలో పక్కసీట్లో నిద్రపోతున్న మహిళపై లైంగిక దాడి చేశాడు. అదే ఏడాది డిసెంబరులో తొమ్మిదేళ్ల జైలు, ఆ తర్వాత దేశం నుంచి పంపివేత.

ఆఫీసు పని మీద వెళ్లినా మన 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వెంట వస్తుంది. ఉద్యోగం కారణంగా వెళ్లిన ఏ చోటైనా పనిచోటే. క్లయింట్ డిన్నరు, హోటల్ లాబీ, క్యాబ్ అన్నీ దాని కిందికే వస్తాయి.

మీ మీద ఫిర్యాదు వస్తే

- టికెట్ బుక్ చేయకండి. కేసు సంగతి తెలిశాక దేశం దాటితే అది పారిపోవడమే అవుతుంది, తర్వాత బెయిల్ అడిగే ప్రతిచోటా ఆ మాటే ఎదురొస్తుంది. ట్రావెల్ బ్యాన్ పడి ఉంటే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.
- అరెస్టయితే "మా ఎంబసీకి తెలియజేయండి" అని అడగండి. 1963 వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు ఇది. మీరు అడగకపోతే వాళ్లు చెప్పకపోవచ్చు.
- అరబ్బీలో రాసిన కాగితం మీద అర్థం తెలియకుండా సంతకం పెట్టకండి. దుబాసీ కావాలని గట్టిగా చెప్పండి.
- ఫోనులో మెసేజ్‌లు చెరిపేయకండి. మీకు అనుకూలమైనవీ వాటిలోనే ఉంటాయి. చెరిపితే ఆధారాలు మాయం చేశారన్న నింద అదనం.
- ఫిర్యాదు చేసిన మనిషికి ఫోన్ చేయడం, స్నేహితుల ద్వారా రాజీకి పంపడం వద్దు. బెదిరింపు కేసు తోడవుతుంది.
- ఊళ్లో ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచండి: "మూడు లక్షలిస్తే కేసు ఎత్తేయిస్తా" అనే ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దని. ఇంటివాళ్లు ఎంబసీకి రాయాలి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయాలి.
- ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే రెడ్ కార్నర్ నోటీసు, లుకౌట్ నోటీసు ఉన్నాయేమో లాయరు ద్వారా కనుక్కోండి. మన దగ్గర తాత్కాలికంగా అరెస్టు చేసినా, అవతలి దేశం 60 రోజుల్లో అప్పగింత అభ్యర్థన పంపకపోతే వదిలేయాలి. అభ్యర్థన వచ్చినా మేజిస్ట్రేటు ముందు మీ వాదన చెప్పుకునే వీలుంటుంది.

శిక్ష పడినా ఒక దారి ఉంది. 2003 నాటి ఖైదీల స్వదేశీ తరలింపు చట్టం కింద ఒప్పందమున్న దేశాల నుంచి మిగతా శిక్షను మన జైల్లో అనుభవించడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అక్కడి శిక్ష మన చట్టానికి సరిపడకపోతే మార్చే అధికారం కేంద్రానికి ఉంది.

మీకు అన్యాయం జరిగితే

రాజంపేట, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే అక్కచెల్లెళ్లు, ఆన్‌సైట్ వెళ్లే అమ్మాయిలు ఎక్కువగా వినే మాట "వాడు దేశం వదిలి పోయాడు, ఇంక ఏం చేస్తావు?" అనేది. చేయాల్సింది చాలానే ఉంది.

వైద్య పరీక్ష వెంటనే చేయించుకోండి, ఆ కాగితం ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. నిందితుడి పాస్‌పోర్టు పేరు, ఊరు, కంపెనీ రాసి పెట్టుకోండి. ముద్దుపేరుతో నోటీసు రాదు. ఫిర్యాదులో "అసభ్యంగా ప్రవర్తించాడు" అని ఒక్క ముక్కలో సరిపెట్టకండి. ఏం చేశాడు, ఎక్కడ తాకాడు, ఎలా బెదిరించాడు అన్నది విడివిడిగా చెప్పండి. రెండు దేశాల చట్టాలతో సరిచూసేది ఆ వివరాలనే. వట్టి వ్యాఖ్యగా రాస్తే ఏడాది గీత దగ్గరే ఆగే కేసు, ఉన్నది ఉన్నట్టు రాస్తే దాటుతుంది. మన దేశంలో ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. కంపెనీ కమిటీకి ఇచ్చే ఫిర్యాదుకు మాత్రం మూడు నెలల గడువు ఉంది, సరైన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగిస్తారు. హెచ్‌ఆర్ "మేం చూసుకుంటాం" అన్నా పోలీసు ఫిర్యాదు ఆపాల్సిన పని లేదు, రెండూ విడివిడి దారులు.

అప్పగింతకు ఏళ్లు పట్టవచ్చు. ఆ ఏళ్లంతా కేసు బతికి ఉండాలంటే మొదటి వారంలో రాసిన కాగితాలే దిక్కు. నిందపడినవారైనా, బాధపడినవారైనా ఆ వారంలో చేయాల్సింది ఒకటే: ఉన్న చోటే ఉండి, జరిగింది జరిగినట్టు రాతలో పెట్టించి, లాయరును చూసుకోవడం.