ప్రకృతి థెరపీకి అడ్డదారి లేదు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల్లో సైకాలజీ మీద రెండు అభిప్రాయాలు గట్టిగా పాతుకుపోయాయి. అది మెడిసిన్ సీటు రానివాళ్ల చదువన్నది ఒకటి. నాలుగు మంచి మాటలు చెప్పడానికి చదువు దేనికన్నది రెండోది. మొదటిది పిల్లల్ని ఇష్టం లేకపోయినా నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్‌లోకి నెడుతుంది. రెండోది ఈమధ్య ఫోన్లలో కనిపిస్తున్న ‘హోలిస్టిక్ కౌన్సెలర్’, ‘నేచర్ థెరపిస్ట్’ సర్టిఫికెట్ల వైపు లాగుతుంది. కొన్ని వారాల ఆన్‌లైన్ క్లాసులు, చివర ఒక సర్టిఫికెట్, ఆపైన సొంత ప్రాక్టీసు అని ఆశపెడతారు. చెట్ల మధ్య నడుస్తూ, మొక్కలు పెంచుతూ మనిషిని మనసు విప్పి మాట్లాడించే పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. మన డెల్టాకు నప్పే పని కూడా. కానీ అంతకుముందు మామూలు కౌన్సెలింగ్ క్షుణ్ణంగా వచ్చి ఉండాలి. ఈ వరస తిరగేసిన కోర్సుకి ఒక్క రూపాయి కూడా కట్టొద్దంటాను.

పరిశోధనలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1984లో రోజర్ ఉల్రిచ్ ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారు, ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది మీద చేసిన అధ్యయనంలో, వారానికి కనీసం రెండు గంటలు ఆరుబయట ప్రకృతిలో గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. రెండూ విలువైనవే. అయితే మొదటిది ఆపరేషన్ వార్డు సంగతి. రెండోది జనం తమ గురించి తాము చెప్పుకున్న మాట. ఆరోగ్యం బాగున్నవాళ్లే ఎక్కువగా బయట తిరుగుతున్నారేమో కూడా దానివల్ల తేలదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషికి చెట్లు చూపిస్తే నయమవుతుందని ఈ రెండింట్లోనూ లేదు. కోర్సులు అమ్మేవాళ్లు మాత్రం సరిగ్గా ఆ అర్థమే వచ్చేలా వీటిని వాడుకుంటున్నారు.

అసలు చిక్కు మన నేలమీదే ఉంది. విదేశీ పుస్తకాల్లో అడవి, సముద్రం అంటే ప్రశాంతత. ఇక్కడ పొలం చాలామందికి కౌలు బాకీ, తడిసిపోయిన ధాన్యం. అప్పుల్లో మునిగిన రైతు కొడుకుని గట్టుమీద నడిపిస్తూ ‘గాలి పీల్చుకో, మనసు తేలికవుతుంది’ అంటే ఆ కుర్రాడికి గుండె ఇంకా బరువెక్కుతుంది. సూర్యలంక బీచ్ సెలవుకి వచ్చినవాళ్లకు హాయి. వేటకెళ్లి తిరిగిరాని మనిషి ఉన్న ఇంటికి అదే సముద్రం తీరని దుఃఖం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతో పాటు ఈ తీరాన్నీ ఊపేసింది. తుపాను హెచ్చరిక విన్న ప్రతిసారీ నిద్రపట్టని పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఎవరిని నీళ్ల దగ్గరకు తీసుకెళ్లాలో, ఎవరిని నాలుగు గోడల మధ్యే కూర్చోబెట్టాలో తేల్చుకోవడమే ఈ వృత్తిలో నైపుణ్యం. గోప్యత ఇంకో సమస్య. తెనాలి కాలవ గట్టున ఒక అమ్మాయి కౌన్సెలర్‌తో ఏడుస్తూ నడిస్తే సాయంత్రానికి ఆ మాట ఇంటికి చేరుతుంది. వీటికి జవాబు చెప్పడం వారాల కోర్సుల వల్ల కాదు. అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, నిజమైన కేసుల మీద కొన్నేళ్లు పనిచేస్తేనే వస్తుంది.

డిగ్రీలో సైకాలజీకి బైపీసీయే చదవక్కర్లేదు, చాలాచోట్ల ఏ గ్రూపైనా సరిపోతుంది, ఆపైన పీజీ. ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ శాఖలున్నాయి. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జాగ్రత్తపడాల్సింది ఇకమీదే. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ తేల్చేసింది. అయినా ‘ఇంట్లోంచే సైకాలజీ పీజీ’ అని ఎవరైనా ఫోన్ చేస్తే అక్కడే పెట్టేయండి. ‘అంతర్జాతీయ గుర్తింపు’ అన్న మాటకు మన దేశంలో ఏ చట్టం కింద విలువుందో రాతపూర్వకంగా అడగండి. ఫీజు ఈఎంఐల్లో కట్టొచ్చనగానే లొంగిపోకండి, అది కూడా అప్పే. పర్యవేక్షణలో ఎన్ని గంటల ప్రాక్టీసు ఉంటుంది, పర్యవేక్షించేది ఎవరు అన్న ప్రశ్నలకు సూటిగా చెప్పలేని సంస్థ సర్టిఫికెట్ తప్ప మరేమీ ఇవ్వలేదు. ఇంకో పొరపాటూ జరుగుతోంది: ప్రకృతి వైద్యం, యోగా నేర్పే బీఎన్‌వైఎస్ వేరే డిగ్రీ. మంచిదే, కానీ అది చదివినంత మాత్రాన కౌన్సెలర్ అయిపోరు.

ఇన్నేళ్లు చదివాక రేపల్లెలో ఎవరొస్తారన్న తండ్రి సందేహం న్యాయమైనదే. మొదట్లో రాబడి తక్కువే, దాచిపెట్టి లాభం లేదు. అందుకే ముందు విద్యాసంస్థలో ఉద్యోగం, తర్వాతే సొంత ప్రాక్టీసు అన్న దారి నాకిష్టం. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని ఆదేశించింది. ‘అర్హత గల’ అన్న మాట గమనించండి. అక్కడ చేరినవాళ్లు కాలేజీ ఆవరణలోనే పిల్లలతో చిన్న తోట వేయించొచ్చు. ఖర్చు తక్కువ, బయటివాళ్ల చూపూ పడదు.

‘హోలిస్టిక్’ అని వాళ్లు వాడుకునే సమగ్ర దృష్టి అంటే గుర్తొచ్చే తెలుగు సైకాలజిస్టు కోనేరు రామకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో, అమెరికాలో పరామనోవిజ్ఞాన పరిశోధకుడు రైన్ దగ్గర పరిశోధన చేశారు. అతీంద్రియ శక్తులను పరిశీలించే ఆ పరామనోవిజ్ఞానంలో ఆయన నిర్ధారణలను ఒప్పుకోనివాళ్లు చాలామందే. కానీ యోగ, ధ్యానం, భారతీయ మనస్తత్వ చింతన గురించి రాసినప్పుడు ఆయన వెనక దశాబ్దాల శిక్షణ ఉంది. ఆ శిక్షణ వదిలేసి చివరి మెట్టు మాత్రమే అమ్ముతున్నారు ఇవాళ.

ఇక నీట్‌లో ర్యాంకు రాలేదని పిల్లల్ని రెండోసారి, మూడోసారి హాస్టల్లో పడేసే తల్లిదండ్రులకు ఓపిగ్గా చెప్పడం నావల్ల కావడం లేదు. సైకాలజీ చదువుతానని పిల్ల నోరు తెరిచి అడిగాక కూడా ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనకండి. ఆ ఏడాది కోచింగ్ ఫీజు పక్కన పెట్టండి. మూడు, నాలుగేళ్ల తర్వాత పీజీలో చేరేటప్పుడు హాస్టల్‌కి, పర్యవేక్షణలో చేసే ప్రాక్టీసు ఖర్చుకి ఆ డబ్బే అక్కరకొస్తుంది.